డాలరు రాయల్టీ గుంటూరు ఖాతాకు చేరేదాకా: ఒక ప్రాజెక్టు డైరీ

2024 జూలై, మొదటి పక్షం

నేనే ఆంగ్లంలోకి అనువదించుకున్న నా కథల సంపుటిని సొంతంగా ప్రచురించి, విదేశాల్లో అమ్ముడైన ప్రతులపై రావలసిన రాయల్టీని బ్రాడీపేటలోని నా బ్యాంకు ఖాతాకు సక్రమంగా రప్పించుకొని, దానిపై రెండు దేశాల పన్ను లెక్కా తేల్చుకోవడం ఈ ప్రాజెక్టు హద్దు. అనువాదం ఎలా సాగింది, ముఖచిత్రం ఎవరు వేశారు, ప్రచారం ఎలా చేయాలి అనే సంగతులు ఇందులోకి రావు. వాటి మీద సలహాలు చెప్పేవారు మన ఊళ్లోనే కావలసినంతమంది ఉన్నారు. డబ్బు చేతికి వచ్చే దారి గురించి అడిగితే మాత్రం "అమెజాన్‌లో పెట్టేస్తే అదే వస్తుందండీ" అనే మాట తప్ప మరొకటి వినపడదు.

తెలుగు మూలాన్నే ఎందుకు పెట్టలేదని అడిగేవారికి సమాధానం తేలిక. అమెజాన్ వారి ఈ-పుస్తకాల వేదిక కిండిల్ 2016 డిసెంబరులో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళ పుస్తకాలకు తలుపు తెరిచింది, తెలుగుకు తెరవలేదు. రచయితలు తమ పుస్తకాలను తామే కిండిల్‌లో పెట్టుకునే చోటైన కేడీపీలో (కిండిల్ డైరెక్ట్ పబ్లిషింగ్) నేను ఖాతా తెరుస్తూ భాషల పట్టీని చివరిదాకా జరుపుకుంటూ పోయినప్పుడూ తెలుగు కనిపించలేదు. కాబట్టి తెలుగు సంపుటి విజయవాడ ఏలూరు రోడ్డు దుకాణాల్లో కాగితం పుస్తకంగానే ఉంటుంది, దాని డబ్బు సరిహద్దు దాటి రానక్కరలేదు. ఈ డైరీ అంతా ఆంగ్ల సంపుటి గురించే.

2024 జూలై, రెండో పక్షం

ఈ పనిలో అన్నిటికంటే ముందు తేల్చుకోవలసినది పేరు. విదేశీ ఫారాలు మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులు ఇస్తాయి. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది, అదీ చాలా చోట్ల ఒక్క అక్షరంగానే ఉంటుంది. నా పాన్ కార్డు మీద ఇంటిపేరు పూర్తిగా విడదీసి చివర్లో ఉంది. పాస్‌బుక్కులో పొడి అక్షరంతో మొదట్లో ఉంది. పుస్తకం అట్ట మీద అసలు ఇంటిపేరే లేదు, కథలు అచ్చయిన కలంపేరు ఉంది. కలంపేరుతో పన్నుకు సంబంధం లేదు, రచయిత పేరు అనే గడిలో ఏది కావాలంటే అది రాసుకోవచ్చు. పన్ను ఫారంలో, బ్యాంకు ఖాతాలో ఉండే పేర్లు మాత్రం పాన్ మీది పేరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి, ఎందుకంటే ఏడాది తరువాత అమెరికా నుంచి వచ్చే పన్ను కాగితాన్ని ఇక్కడి రిటర్నుకు జతచేసేటప్పుడు ఆ రెండూ ఒకే మనిషివని చూపవలసినది ఆ పేరే. అందువల్ల పుస్తకం పని పక్కన పెట్టి, బ్యాంకులో కేవైసీ ఫారం నింపి, ఖాతాలో పేరును పాన్ మీద ఉన్నట్టే మార్పించాను. పాన్‌ను మార్పించడం కంటే పాస్‌బుక్కును మార్పించడం సులువని మా ఆడిటర్ గారు చెప్పిన మాట నిజమే.

తరువాత కేడీపీ వారి పన్ను ప్రశ్నావళి. అమెరికా పౌరులా, కాదా; శాశ్వత చిరునామా ఏ దేశంలో; పన్ను గుర్తింపు సంఖ్య ఏది అని వరసగా అడిగి, మనమిచ్చిన జవాబులతో, మనం అమెరికాకు విదేశీయులమని తెలిపే డబ్ల్యూ-8బెన్ అనే ఫారాన్ని అదే తయారుచేస్తుంది. గుర్తింపు సంఖ్య గడిలో మన పాన్ సరిపోతుంది. అమెరికా సంఖ్య కోసం ప్రత్యేకంగా దరఖాస్తు పెట్టుకోవలసిన అవసరం లేదు. ఆ గడి ఖాళీగా వదిలితే అమెరికాలో జరిగిన అమ్మకాల రాయల్టీ మీద 30 శాతం అక్కడే కోసేస్తారు. పాన్ ఇచ్చి, భారతదేశ నివాసిగా ఒప్పందపు ప్రయోజనం కోరితే, 1989లో మన దేశానికీ అమెరికాకూ కుదిరిన ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందంలోని 12వ అధికరణం ప్రకారం 15 శాతమే కోస్తారు. అదే అధికరణంలో 10 శాతం అనే మాట కూడా ఉంది గానీ అది యంత్రపరికరాల వాడకం వంటి వాటికి. రచయితకు వర్తించేది 15. ఈ కోత అమెరికా అమ్మకాలకే పరిమితం, బ్రిటన్‌లోనో ఆస్ట్రేలియాలోనో కొన్న ప్రతికి ఇది తగలదు.

ఆ ఫారం సంతకం చేసిన ఏడాది తరువాతి మూడో ఏడాది చివరిరోజు వరకు చెల్లుతుంది. నాది 2024లో చేసినది కనుక 2027 డిసెంబరు 31తో ముగుస్తుంది. గోడ కేలెండర్లు అంతదూరం రావు కాబట్టి ఫోనులో గుర్తు పెట్టుకున్నాను.

2024 ఆగస్టు

ధర నిర్ణయం. కేడీపీలో ఈ-పుస్తకానికి 35 శాతం, 70 శాతం అని రెండు రాయల్టీ పద్ధతులు. అమెరికా దుకాణంలో 2.99 నుంచి 9.99 డాలర్ల మధ్య ధర ఉంటేనే 70 శాతం కోరే వీలుంది, అందులోనూ ఫైలు బరువును బట్టి మెగాబైటుకు 15 సెంట్ల చొప్పున బట్వాడా ఖర్చు ముందుగా తీసేస్తారు. నా పుస్తకంలో బొమ్మలు లేవు, ఫైలును ఒక మెగాబైటుకు కుదించాను. 4.99 డాలర్ల ధరకు 15 సెంట్లు పోగా 4.84, అందులో 70 శాతం 3.39 డాలర్లు. దానిలో అమెరికా పన్ను 51 సెంట్లు పోగా మిగిలేది 2.88. పాన్ ఇవ్వకపోతే మిగిలేది 2.37. ఒక్క గడి నింపడానికి ప్రతి పుస్తకం మీదా అర డాలరు కూలి అన్నమాట.

భారతీయ దుకాణం విషయంలో ఒక మెలిక ఉంది. ఇక్కడి అమ్మకాలకు 70 శాతం కావాలంటే పుస్తకాన్ని కేడీపీ సెలెక్ట్‌లో చేర్చాలి; అంటే 90 రోజులపాటు ఈ-పుస్తకాన్ని మరెక్కడా అమ్మకూడదు. చేరకపోతే భారత్‌లో 35 శాతమే. 199 రూపాయల ధర మీద చూస్తే, సెలెక్ట్‌లో ఉంటే బట్వాడా ఖర్చు పోగా 134 రూపాయల చిల్లర, లేకుంటే 70 రూపాయలకు కాస్త తక్కువ. తేడా పెద్దదే. అయినా నేను చేరలేదు. ఇక్కడి పాఠకులకు తెలుగు పుస్తకమే చేతికి అందుతుంది. ఆంగ్లం చదవవలసినవారు డల్లాస్‌లో, న్యూజెర్సీలో, మెల్‌బోర్న్‌లో పెరిగిన మన పిల్లల పిల్లలు. వారిలో కొందరు ఆపిల్‌లో, కొందరు కోబో అనే మరో ఈ-పుస్తక దుకాణంలో చదువుతారు. ఆ తలుపులు మూసుకొని ఇక్కడ అరవై రూపాయలు అదనంగా సంపాదించడం నాకు గిట్టుబాటు బేరంగా అనిపించలేదు. సెలెక్ట్‌లో చేరిన పుస్తకాలను చందాదారులు చదువుకునే కిండిల్ అన్‌లిమిటెడ్‌లో, చదివిన పేజీల లెక్కన వచ్చే డబ్బు మీద ఆధారపడే ధారావాహిక నవలాకారులకు లెక్క వేరుగా ఉంటుంది.

జీఎస్టీ సంగతి కూడా ఈ నెలలోనే తేలింది. సేవల టర్నోవరు ఏడాదికి 20 లక్షల రూపాయలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కరలేదు. నా కథలు ఆ గీత దరిదాపులకు పోవు.

2024 అక్టోబరు చివర

మొదటి జమలు వచ్చాయి. నెల ముగిశాక సుమారు 60 రోజులకు చెల్లించడం కేడీపీ పద్ధతి, కనుక ఆగస్టు అమ్మకాల డబ్బు అక్టోబరు చివరికి చేరింది. ఒకే మొత్తంగా వస్తుందని ఎదురుచూసేవారు కంగారు పడకూడదు: అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, భారత్ దుకాణాలు దేనికది విడిగా చెల్లిస్తాయి. ఖాతాలో వేసిన మొత్తాలు చిన్నవి, వాటిలో ఒకటి ప్లేటు ఇడ్లీ ధరకు సమానం. నేరుగా ఖాతాకు జమ అయ్యే పద్ధతి ఎంచుకుంటే కనీస మొత్తం నిబంధన లేదు, అందుకే ఆ ఇడ్లీ డబ్బులు కూడా వచ్చాయి. వైర్ పద్ధతి ఎంచుకుంటే 100 డాలర్లు పోగయ్యేదాకా ఆగాలి.

అదే రోజు ఒక పట్టిక మొదలుపెట్టాను. ఏ దుకాణం, ఏ నెల అమ్మకం, ఆ దేశపు కరెన్సీలో ఎంత, కోసిన పన్ను ఎంత, మారకపు రేటు ఎంత, ఖాతాలో ఏ తేదీన ఎన్ని రూపాయలు పడ్డాయి, బ్యాంకు వారిచ్చిన లావాదేవీ సంఖ్య ఏది అని నిలువు వరసలు. చెల్లింపు నివేదికను దించుకొని ఈ పట్టికతో సరిచూసుకోవడం ప్రతినెలా కాసేపటి పని. ఇది లేకుండా ఏడాది చివర లెక్క తీయాలంటే బ్యాంకు స్టేట్‌మెంటులోని సంక్షిప్తాక్షరాలను చూసి ఏ జమ ఏ దేశపుదో ఊహించుకోవలసి వస్తుంది.

2024 నవంబరు

ఆపిల్, కోబో దుకాణాలకు పుస్తకాన్ని చేర్చే పంపిణీ సంస్థ నుంచి కూడా కొంత మొత్తం వచ్చింది. దానికి విదేశీ జమ ధ్రువపత్రం, అంటే బ్యాంకుల్లో ఫిర్క్ అనేది, కావాలని మా శాఖకు వెళ్లాను. కౌంటరులోని అమ్మాయి తెర మీద చూసి, "మేడమ్, ఇది నెఫ్ట్‌లో వచ్చిందండీ, ముంబయి నుంచి. ఫారిన్ అని మాకు ఎక్కడా చూపించట్లేదు" అంది. ఆమె మాట అక్షరాలా నిజం. ఇలాంటి చిన్న చెల్లింపులు చాలా వరకు ఒక మధ్యవర్తి చెల్లింపు సంస్థ ద్వారా వస్తాయి. డాలర్లు మన దేశంలోని ఒక అధీకృత బ్యాంకుకు మూటగా చేరి అక్కడే రూపాయలుగా మారతాయి, ఆ రూపాయలు నెఫ్ట్‌లో మన ఖాతాలకు విడివిడిగా వస్తాయి. విదేశీ మారకద్రవ్యాన్ని చూసినది ఆ మధ్య బ్యాంకే కాబట్టి ధ్రువపత్రం ఇవ్వగలిగినదీ అదే. మన శాఖలో ఎంతసేపు కూర్చున్నా ఫలితం ఉండదు.

అందువల్ల దరఖాస్తు చెల్లింపు సంస్థకు పెట్టాలి. లావాదేవీ సంఖ్య, తేదీ, మొత్తం, పాన్, డబ్బు దేనికి వచ్చిందో తెలిపే ప్రయోజన కోడ్ రాసి పంపితే మధ్య బ్యాంకు జారీచేసిన పత్రం పీడీఎఫ్‌గా వచ్చింది. ప్రయోజన కోడ్ విషయంలో జాగ్రత్త అవసరం. రిజర్వు బ్యాంకు జాబితాలో రాతప్రతులు, కాపీరైట్లు వంటివాటిని లైసెన్సు మీద వాడుకోనిచ్చినందుకు వచ్చే డబ్బుకు పీ0902 అనే కోడ్ ఉంది. చెల్లింపు సంస్థ వెబ్‌సైటులో ఖాతా తెరిచేటప్పుడు సాఫ్ట్‌వేర్ సేవలనో, కుటుంబ పోషణ అనో ముందే టిక్కు పెట్టి ఉండవచ్చు. కుటుంబ పోషణ అని వచ్చిన డబ్బును తరువాత రాయల్టీ అని రిటర్నులో చూపితే రెండు కాగితాలు రెండు కథలు చెబుతాయి.

2025 జనవరి

విజయవాడ పుస్తక మహోత్సవంలో తోటి రచయితలతో మాట కలిసినప్పుడు ఆదాయపన్ను చట్టంలోని 80క్యూక్యూబీ సెక్షన్ ప్రస్తావనకు వచ్చింది. "రచయితల రాయల్టీకి మూడు లక్షల దాకా మినహాయింపు ఉందటగా, మీకేం బాధ?" అని ఒక పెద్దాయన అన్నారు. ఉన్నమాట వాస్తవమే, కానీ మనలాంటివారికి అది ఎంతవరకు అక్కరకు వస్తుందో ఆడిటర్ గారి దగ్గర కూర్చొని నెమ్మదిగా చదివాకే తెలిసింది.

ఆ సెక్షన్ 2003 నాటి ఫైనాన్సు చట్టంతో వచ్చింది. సాహిత్య, కళా, శాస్త్ర గ్రంథాలు రాసిన భారతదేశ నివాసులకు వర్తిస్తుంది. బడి పుస్తకాలు, గైడ్లు, డైరీలు, పత్రికల వంటివాటికి లేదు. రాయల్టీ ఏకమొత్తంగా కాక అమ్మకాలను బట్టి వస్తుంటే, ఆ ఏడాది అమ్ముడైన పుస్తకాల విలువలో 15 శాతానికి మించిన భాగాన్ని మినహాయింపు లెక్కలోకి తీసుకోరు. ప్రచురణకర్త పది, పన్నెండు శాతం ఇచ్చే సంప్రదాయానికి సరిపోయే గీత అది. 4.99 డాలర్ల పుస్తకం మీద నాకు వచ్చేది 3.39 డాలర్లయితే, మినహాయింపుకు అర్హమయ్యేది 75 సెంట్లు. సొంతంగా ప్రచురించుకున్నవారు ఎక్కువ శాతం తీసుకుంటున్నందుకు, ఆ ఎక్కువ భాగమంతా ఈ సెక్షన్ కంటికి కనిపించనట్టే.

పైగా విదేశం నుంచి వచ్చిన రాయల్టీ అయితే, ఆర్థిక సంవత్సరం ముగిసిన ఆరు నెలల్లోగా మారకయోగ్యమైన విదేశీ ద్రవ్యంగా దేశంలోకి వచ్చి ఉండాలి, దానికి 10హెచ్ ఫారంలో ధ్రువీకరణ ఉండాలి. నవంబరులో వచ్చిన పీడీఎఫ్‌ను ఇంతకాలం భద్రం చేయడానికి కారణం ఇదే. అన్నిటికీ మించి ఈ మినహాయింపు పాత పన్ను విధానంలోనే దొరుకుతుంది. నా పింఛను మీద కొత్త విధానమే లాభం. "మేడమ్ గారూ, ఈ 75 సెంట్ల కోసం పాత విధానానికి పోతే మొత్తం మీద నష్టపోతారు. దీన్ని వదిలేద్దాం" అన్నారు ఆడిటర్ గారు. వదిలేశాం. ఇంటి రుణం వడ్డీ, బీమా, పీఎఫ్ వంటివి దండిగా ఉండి పాత విధానంలోనే నిలిచినవారు మాత్రం దీన్ని తప్పక లెక్కించి చూసుకోవాలి.

2025 మార్చి

1042-ఎస్ వచ్చింది. అమెరికాలో పన్ను కోసినవారు గత కేలెండరు సంవత్సరపు లెక్కను మార్చి 15లోగా ఇవ్వవలసిన కాగితం ఇది. మన టీడీఎస్ సర్టిఫికెట్టు వంటిది. ఎదురుగా పెట్టుకొని గడి గడీ చూశాను. మొదటి గడిలో ఆదాయపు కోడ్ 12, అంటే కాపీరైట్ వంటి రాయల్టీలు. రెండో గడిలో మొత్తం ఆదాయం 86. పన్ను రేటు గడిలో 15.00. కోసిన పన్ను 7ఏ గడిలో 13. సెంట్లు ఉండవు, పూర్తి డాలర్లకు సరిచేస్తారు. పేరు పాన్ మీద ఉన్నట్టే ఉంది.

ఇక్కడ అసలు చిక్కు కాలానిది. ఈ కాగితం 2024 జనవరి నుంచి డిసెంబరు దాకా జరిగిన చెల్లింపులకు. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి దాకా. 2025 జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన డబ్బు మన 2024–25 లెక్కలోకి వస్తుంది గానీ దాని 1042-ఎస్ 2026 మార్చికి గానీ రాదు. నిబంధనలు దీనికి దారి చూపాయి: విదేశంలో కోసిన పన్నును ఇక్కడి పన్నులో తగ్గించుకునే క్రెడిట్‌కు సంబంధించిన 128వ నిబంధన ప్రకారం, కోత విధించినవారి పత్రం లేకపోయినా, పన్ను చెల్లింపు లేదా కోత జరిగినట్టు రుజువులు జతచేసి పన్ను చెల్లింపుదారు తానే సంతకం చేసిన వివరపత్రం ఇవ్వవచ్చు. ఆ మూడు నెలలకు కేడీపీ చెల్లింపు నివేదికలను, నా పట్టికను జతచేయాలని నిర్ణయించుకున్నాం.

2025 జూన్

కాగితం అట్ట ప్రతి గురించి డల్లాస్ నుంచి మా అక్క కూతురు ఫోను చేసింది. "పిన్నీ, మా లైబ్రరీ వాళ్లు ప్రింటు పుస్తకమైతే తీసుకుంటామంటున్నారు" అంది. సరిగ్గా ఈ నెల 10 నుంచే కేడీపీ రేటు మారింది: అమెరికాలో 9.99 డాలర్ల కంటే తక్కువ ధర ఉన్న అట్ట పుస్తకానికి రాయల్టీ 60 నుంచి 50 శాతానికి దిగింది. అందులోంచి అచ్చు ఖర్చు కూడా పోతుంది. నల్ల సిరాతో 200 పేజీల పుస్తకానికి ఒక డాలరు, ఆపైన పేజీకి 1.2 సెంట్ల చొప్పున మొత్తం 3.40 డాలర్లు. 8.99 ధర పెడితే సగం 4.50, అచ్చు ఖర్చు పోగా 1.10 మిగులుతుంది. 9.99 పెడితే 60 శాతం 5.99, మిగిలేది 2.59. ధర ఒక్క డాలరు పెంచితే రాబడి రెట్టింపు దాటుతున్నప్పుడు ఆలోచించవలసినదేమీ లేదు, 9.99 పెట్టాను. అమెజాన్ ఇండియాకు కేడీపీ అచ్చు సదుపాయం లేదు కనుక ఇక్కడి పాఠకులకు ఈ ప్రతి అందదు. వారికి విజయవాడలో వేయించిన తెలుగు ప్రతి ఎలాగూ ఉంది.

2025 ఆగస్టు, సెప్టెంబరు

రిటర్ను. ఈసారి గడువు జూలై 31 నుంచి సెప్టెంబరు 15కు పొడిగించారు, ఊపిరి పీల్చుకునే సమయం దొరికింది. విదేశీ ఆదాయం ఉన్నవారికి ఐటీఆర్-1 పనికిరాదు. పెద్ద ఫారంలో విదేశీ ఆదాయానికి ఎఫ్‌ఎస్‌ఐ, పన్ను ఊరటకు టీఆర్ అనే షెడ్యూళ్లు నింపాలి. దానికంటే ముందు పోర్టల్‌లో, విదేశంలో కోసిన పన్నుకు క్రెడిట్ కోరే ఫారం 67 దాఖలు చేయాలి. మదింపు సంవత్సరం ముగిసేదాకా ఫారం 67కు గడువు ఉన్నా, రిటర్నుకు ముందే వేయడం మంచిదని ఆడిటర్ గారి అలవాటు.

డాలర్లలో కోసిన పన్నును రూపాయల్లోకి మార్చడానికి మన ఖాతాలో పడిన రేటు పనికిరాదు. పన్ను కోసిన నెలకు ముందు నెల చివరిరోజున స్టేట్ బ్యాంకు టీటీ కొనుగోలు రేటు, అంటే బ్యాంకు డాలర్లు కొనే రేటు, ఎంతో అది తీసుకోవాలి. అంటే ప్రతి నెల కోతకూ వేరే రేటు. నా పట్టికలో దానికోసం ఇంకొక నిలువు వరస చేర్చాం, ఆడిటర్ గారి గుమాస్తా పాత రేట్ల జాబితాలు తెరచి ఒక్కొక్కటే చదువుతుంటే నేను రాసుకున్నాను.

లెక్క తేలింది. అమెరికా అమ్మకాల రాయల్టీ పదమూడు వేల రూపాయల పైచిలుకు. అక్కడ కోసినది దాదాపు రెండు వేలు. ఆ రెండు వేలూ ఇక్కడి పన్నులో తగ్గుతాయని చాలామంది అనుకుంటారు. అలా కాదు. ఆ విదేశీ ఆదాయం మీద ఇక్కడ ఎంత పన్ను పడుతుందో, అక్కడ ఎంత కోశారో, రెండింటిలో ఏది తక్కువైతే అంతే క్రెడిట్. పింఛనుతో కలిపి నా సగటు పన్ను అయిదు శాతానికి లోపే ఉండటంతో దక్కినది దాదాపు ఆరు వందల రూపాయలు. మిగిలిన పద్నాలుగు వందలు తిరిగి రావు, వచ్చే ఏడాదికి బదిలీ కావు. 2025–26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా రిబేటు ఉంది కనుక నాలాంటివారికి ఇక్కడ పన్నే ఉండదు, కాబట్టి క్రెడిట్ కూడా సున్నా అవుతుంది. అప్పుడు అమెరికా 15 శాతాన్ని వ్యాపార ఖర్చులా భావించి ధర నిర్ణయించుకోవడమే దారి.

ఆరు వందల కోసం ఇంత రాతకోత దేనికని మా ఇంట్లోనూ అడిగారు. ఆడిటర్ గారి ఫీజు ముందు అది నిలవదు, నిజమే. కానీ విదేశీ ఆదాయాన్ని రిటర్నులో చూపడం క్రెడిట్ ఎంత వస్తుందన్న దాని మీద ఆధారపడిన పని కాదు; అది ఎలాగూ చూపాలి. చూపేటప్పుడు దాని పక్కనే ఉన్న మరో షెడ్యూలు నింపడం అదనపు శ్రమ కాదు.

2025 డిసెంబరు

రిటర్ను మదింపు సమాచారం మెయిలులో వచ్చింది. టీఆర్ షెడ్యూలులో కోరిన ఊరట కోరినంతా ఒప్పుకున్నారు.

ఇక మిగిలిన పనులు. 2025 సంవత్సరపు 1042-ఎస్ మార్చిలో రాగానే, జనవరి నుంచి మార్చి దాకా నేను సంతకం చేసి ఇచ్చిన అంకెలతో దాన్ని సరిచూడాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపన్ను చట్టం అమలులోకి వస్తున్నందున సెక్షన్ల సంఖ్యలు మారతాయి, పట్టికలోని శీర్షికలను ఆడిటర్ గారితో కూర్చొని తిరగరాయాలి. రెండో సంపుటి తెలుగు ప్రతికి రాజా రామమోహన్ రాయ్ ఏజెన్సీలో పుస్తకపు గుర్తింపు సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్‌కు దరఖాస్తు పెట్టాను, అది ఉచితమే. దాని ఆంగ్ల అనువాదం సగంలో ఉంది.